లోమేలో దిగే ప్రయాణికుడు

అదిస్ అబాబాలో జనం గంటల్ని పొద్దుపొడుపు నుంచి లెక్కపెడతారు. పోలీసు కాగితాల మీదా విమానాల దగ్గరా మాత్రం పరదేశపు లెక్క నడుస్తుంది. ఇన్‌స్పెక్టర్ అస్నకెచ్ బుర్రలో రెండు లెక్కలూ పక్కపక్కనే తిరుగుతుంటాయి గానీ, ఆ బుధవారం ఆమె చూసుకున్నది పోలీసు గడియారమే. పన్నెండూ ఇరవై. మూడింటికి కోర్టు. ఈలోగా ఏమీ తేలకపోతే ఎదురుగా బల్ల మీద కూర్చున్న ముసలాడి మీద ఖూనీ నేరం పడుతుంది, ఇక దేవుడు దిగొచ్చినా దాన్ని ఊడదీయలేడు.

"గాషే బొగాలె, మళ్లీ మొదట్నుంచి చెప్పు," అంది అస్నకెచ్. పెద్దవాణ్ణి గాషే అనకుండా పిలవడం ఆమెకి చేతకాదు, లాకప్‌లో ఉన్నా సరే.

"ఎన్నిసార్లు చెప్పను తల్లీ. మీ పోలీసు లెక్కలో ఆరింటి నుంచీ గేటు దగ్గరే ఉన్నా. చీమ కూడా లోపలికి పోలేదు."

"అయితే యెషి అమ్మని చంపింది నువ్వో, చీమో."

బొగాలె తెల్లటి దుప్పటి భుజం మీదికి లాక్కుని నేలకేసి చూశాడు. అరవై నాలుగేళ్ల మనిషి. పొద్దున ఏడూ నలభైకి బంగారం వ్యాపారం చేసే యెషి ఇంట్లోంచి కేక, కాఫీ కూజా పగిలిన చప్పుడు పక్కింటావిడ విన్నది. పది నిమిషాలకి ధైర్యం చేసి వచ్చి చూస్తే యెషి నేల మీద పడి ఉంది, పక్కన కాపలాదారు బొగాలె నిలబడి ఉన్నాడు, చేతిలో కాఫీ గింజలు దంచే ఇనప రోకలి. బీరువా ఖాళీ. ఇంతకంటే ఏం కావాలి ఎవరికైనా.

"నీ చెప్పులకి ఎర్రమట్టి ఎక్కడిది?" అంది అస్నకెచ్. "ఆ ఇంటి వాకిలంతా సిమెంటు. వీధి తారు."

ముసలాడు కాళ్లు బల్ల కిందకి ముడుచుకున్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇవాళ పన్నెండో తారీకు. మికాయేలు రోజు. ముప్పై ఏళ్లుగా నెలనెలా ఈ రోజు ఆయన చర్చి గడప ముద్దుపెట్టుకోందే నాకు తెల్లవారదు. గేటుకి తాళం వేసి ఆరింటికి పోయా. ఏడూ ముప్పావుకి వచ్చా. వచ్చేసరికి అమ్మగారు... ఆ రోకలి ఆమె మీద పడుంటే తీశాను తల్లీ. అలా ఎలా వదిలేస్తాను?"

"ఈ మాట పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"గేటు వదిలిన కాపలాదారుణ్ణని చెప్పుకోమంటావా? దానికంటే హంతకుణ్ణన్నా నయమే."

"పొగరుకేం తక్కువ లేదు," అంది అస్నకెచ్ నోట్‌బుక్కు తీస్తూ. "పన్నెండున నువ్వు గేటు వదుల్తావని ఎవరికి తెలుసు?"

"అమ్మగారికి తప్ప అందరికీ తెలుసు."

"తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది?"

"ఫసిల్ దగ్గర. అమ్మగారి చెల్లెలి కొడుకు. కానీ ఆయన విమానం ఎక్కేశాడు గదా."

అదే పెద్ద బండరాయి. ఫసిల్ పాస్‌పోర్టు పొద్దున ఆరూ యాభైకి విమానాశ్రయంలో తనిఖీ దాటింది. ఎనిమిదిన్నరకి అతని విమానం వాషింగ్టన్‌కి లేచింది. ఏడూ నలభైకి హత్య. ఎటు తిప్పినా ఆ గోడ దగ్గరికే వచ్చి ఆగుతోంది.

బొగాలె పక్కన తెల్ల గుడ్డలో కట్టిన క్యారేజీ ఒకటి ఉంది. "ముందు తిను గాషే. ఎవరు తెచ్చారు?"

"ఎవరో పుణ్యాత్మురాలు. పక్కింటివాళ్లు పంపారందట. నేను తొమ్మిదింటిదాకా ముట్టను. బుధవారం ఉపవాసం." ఊరి లెక్కలో తొమ్మిదంటే పోలీసు గడియారంలో మధ్యాహ్నం మూడు.

కటకటాల అవతల కాపలా ఉన్న కానిస్టేబుల్ లకెవ్ అందుకున్నాడు. "రూలు ప్రకారం తెచ్చినావిడ చేత రుచి చూపించామండీ. ఇంజెరా రొట్టె, షిరో పప్పు. నోట్లో పెట్టుకుని మింగింది."

"మా ఫసిల్ కూడా అంతే," అన్నాడు బొగాలె. ఆ పేరు తలుచుకుంటే మొహం కాస్త వెలిగింది. "బుధవారం పాలచుక్క ముట్టడు. కాఫీలో మాత్రం తెనా ఆదమ్ రెమ్మ పడాల్సిందే. ఆ ఆకు వాసన అమ్మగారికి గిట్టదు. ఆయన ఒక్కడి కోసమే గేటు పక్కన కుండీలో పెంచుతున్నా. మా దెస్సాలె ఉన్నాడే, నా కొడుకు, వాడు దానికి పూర్తిగా ఎదురు. బుధవారమే గుడ్డు కావాలంటాడు. వాళ్లమ్మ ఉన్నప్పుడు అట్లకాడతో కొట్టినా మానలేదు. ఇద్దరూ ఒకే ఈడు, ఒకే ఎత్తు, ఒకే వాకిట్లో పెరిగారు. బుద్ధులే వేరు."

"దెస్సాలె ఎక్కడున్నాడు?"

"నిన్న దిరె దావా పోయాడు, లారీ పనికి. ఈ సంగతి వాడికి తెలియనీయకు తల్లీ."

అస్నకెచ్ లేచింది. "ఫసిల్‌కీ తెలియదులే ఇప్పుడప్పుడే. కమాండర్ జెల్లెకె లెక్క ప్రకారం రాత్రి తొమ్మిదిన్నర దాకా అతని కాలు నేల తాకదు."

బొగాలె నవ్వాడు. పొద్దుట్నుంచీ మొదటిసారి. "ఎవరన్నారు ఆ మాట? ఏకబిగిన పోతుందనా?"

"పోదా?"

"ఇరవై ఏడేళ్లు ఆ విమానాల కడుపులో సామాను ఎక్కించినవాణ్ణి నేను. అక్కణ్ణించి వచ్చేటప్పుడు ఏకబిగినే వస్తుంది. పోయేటప్పుడు కుదరదు. మనం కొండ మీద ఉన్నాం తల్లీ, పుట్టినప్పట్నుంచీ ఉన్నాం కాబట్టి మనకి తెలియదు. ఇక్కడ గాలి పల్చన. రెక్కకి పట్టు దొరకదు, ఇసుకలో పరిగెత్తినట్టు ఉంటుంది. మనుషుల్నీ ఎక్కించి నూనె కూడా నిండా పోస్తే అది లేవదు. సగం నూనెతో లేచి, పడమటి సముద్రం ఒడ్డున లోమేలో దిగి, అక్కడ కడుపు నింపుకుని పోతుంది. అక్కడ నేల సముద్రమట్టం, గాలి చిక్కన. లోమే పెట్టెలు మేం అన్నిటికంటే చివర ఎక్కించేవాళ్లం, ముందు దించాలి గదా."

"లోమేకి ఎన్ని గంటలు?"

"ఐదు దాటి ఇరవై నిమిషాలు. గాలి ఎదురైతే ఇంకో పది."

ఎనిమిదిన్నరకి ఐదూ ఇరవై కలిపితే ఒంటిగంటా యాభై. అస్నకెచ్ ఆ అంకె రాసుకుంది. ఎందుకు రాసుకుందో ఆమెకే అప్పటికి తెలియదు.

యెషి ఇల్లు స్టేషనుకి ఐదు నిమిషాల దూరం. పన్నెండూ నలభై ఐదుకి ఆమె గేటు తోసింది. కుండీలో మొక్క చివర కొత్తగా తుంచిన గాటు పచ్చగా ఉంది. కాపలాదారు గదిలో గోడకి ఫొటో: భుజాల మీద చేతులు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు, కవలలంటే నమ్మేట్టు. ఒకడి కుడి కనుబొమ్మని చీలుస్తూ చిన్న మచ్చ.

లోపల కమాండర్ జెల్లెకె కుర్చీలో కాలు మీద కాలు వేసుక్కూర్చున్నాడు. కేంద్ర నేర విభాగం మనిషి. ఇస్త్రీ మడత చెదరదు, జుట్టూ చెదరదు.

"రా చెల్లెమ్మా. కేసు ఆరిపోయాక పొయ్యి దగ్గరికి వచ్చావు."

"నిప్పుందేమో చూద్దామని," అంది అస్నకెచ్. మోకాళ్ల మీద వంగింది.

నేల మీద పరిచిన పచ్చగడ్డి నలిగి ఉంది. మట్టి కూజా, అదే జెబెనా, మూడు ముక్కలైంది. ముక్కల్లో అడుగున మిగిలిన కాఫీ పిప్పిని వేలితో తీసి చూసింది. పాలిపోయి ఉంది. చిన్న పళ్లెంలో రెండు చిన్న కప్పులు. ఒకటి యెషిది, అంచున చక్కెర. రెండోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. అడుగున నల్లబడ్డ చిన్న రెమ్మ.

"పిప్పి మూడుసార్లు కాగింది," అంది. "యెషి అమ్మ గింజలు వేయించి, దంచి, మూడు వాయిలూ పోసింది. మూడోది, బరకా, తాగకుండా మర్యాదస్తుడెవడూ లేవడు. ఇదంతా గంటకి తక్కువ కాదు. అంటే ఏడూ నలభైకి ఆమెని చంపినవాడు ఆరున్నరకే వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా కూర్చోబెట్టి ఆమె కాఫీ పోసింది. గేటు దగ్గర ఉండే బొగాలెకి ఆమె అలా పోస్తుందా?"

"పోయదు. అందుకే కోపమొచ్చి చంపాడు."

"ఈ కప్పులో తెనా ఆదమ్ ఉంది. ఈ ఇంట్లో అది వేసుకునేది ఫసిల్ ఒక్కడే."

జెల్లెకె నవ్వి ఫోన్ తీశాడు. "ఇదిగో, చదువుకో. అదిస్ అబాబా నుంచి వాషింగ్టన్‌కి పదకొండు వేల ఐదు వందల అరవై కిలోమీటర్లు. పదమూడు గంటలు. ఎనిమిదిన్నరకి లేచాడు, రాత్రి తొమ్మిదిన్నరకి దిగుతాడు. దిగగానే పెద్దమ్మ పోయిందన్న కబురు చెప్పమని అక్కడివాళ్లకి రాశాను కూడా. పాపం, ఒక్క ఫోనైనా ఎత్తలేని చోట ఉన్నాడు మనిషి. నువ్వేమో కప్పులు వాసన చూస్తున్నావు."

"పదమూడు గంటలని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి. పోయినేడు శిక్షణకి వెళ్లొచ్చాను. మూడు సినిమాలు చూశా, రెండుసార్లు తిన్నా, నిద్రపోయా. చక్రం ఎక్కడా నేల తాకలేదు."

"అది వచ్చేటప్పుడు. పోయేటప్పుడు?"

"పోయేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పంపారు."

"అంటే ఇక్కణ్ణించి ఎక్కి అటు నేరుగా నువ్వెప్పుడూ పోలేదన్నమాట."

"ఎటు పోయినా దూరం ఒకటే కదమ్మా. అటునుంచి లెక్కపెడితే కిలోమీటర్లు తగ్గుతాయా?"

"కొండ దిగే గాడిదకీ ఎక్కే గాడిదకీ దూరం ఒకటే. బరువు మాత్రం ఒకటే వేయవు." ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి అస్నకెచ్‌కి నోట్‌బుక్కులో రాసుకున్న అంకె గుర్తొచ్చింది. కప్పు పళ్లెంలో పెట్టి లేచి నిలబడింది. "వాషింగ్టన్‌లో దిగగానే నిన్ను ఏం చేశారు?"

"ఏం చేస్తారు. వరసలో నిలబెట్టి వేలిముద్రలు తీసుకున్నారు. అందరికీ తీస్తారు."

"ఫసిల్ ఏడూ నలభైకి ఈ గడ్డి మీద కూర్చుని కాఫీ తాగాడనుకో. అప్పుడు ఆరూ యాభైకి అతని పాస్‌పోర్టు పట్టుకుని తనిఖీ దాటినవాడు వేరే మనిషి. పోలికుండబట్టి మొహం దాటేసింది. వేలిముద్ర దాటదు. అందుకని వాడు వాషింగ్టన్ దాకా పోకూడదు. మధ్యలో దిగిపోవాలి. ఆ విమానం మధ్యలో ఒక్కచోటే ఆగుతుంది, లోమేలో, ఒంటిగంటా యాభైకి."

జెల్లెకె కాలు మీంచి కాలు తీశాడు. "ఆగకపోతే?"

"ఆగకపోతే నా టోపీ నీ చేతికిస్తా. కారు తియ్యి. నా జీపు ఎక్కాలు గుర్తుచేసుకుంటూ నడుస్తుంది."

ఒంటిగంటా పద్దెనిమిదికి ఇద్దరూ విమానాశ్రయంలో విమానాల నడకని కనిపెట్టే గదిలో ఉన్నారు. అక్కడి అధికారి సెండెకు, బట్టతల, చెవి వెనక పెన్సిలు. జెల్లెకె అడిగిన మొదటి ప్రశ్నకే అతను తల ఎత్తకుండా జవాబిచ్చాడు.

"లోమేలో ఆగుతుందా అంటే? ఆగకపోతే సముద్రంలో ఆగాలండీ. రెండు వేల మూడు వందల మీటర్ల ఎత్తు నుంచి అంత నూనెతో లేపగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదు. లోమేకి నాలుగు వేల నూట నలభై కిలోమీటర్లు. అక్కడ నూనె పోసుకుని ఇంకో పదిన్నర గంటలు."

జెల్లెకె మొహం ఇస్త్రీ పోయింది. "ఫసిల్ అనే ప్రయాణికుడు. ముప్పై ఒకటో వరస. వాషింగ్టన్‌కే గదా టికెట్టు?"

సెండెకు తెర మీద వేలు జరిపాడు. "కాదే. లోమేకి."

"పొద్దున మా వాళ్లు అడిగితే మీరు చెప్పలేదే."

"మీ వాళ్లు అడిగింది వాషింగ్టన్ విమానం ఎక్కాడా లేదా అని. ఎక్కాడన్నాం. ఎక్కడ దిగుతాడని ఎవరూ అడగలేదు సార్."

అస్నకెచ్ నవ్వలేదు. నవ్వడానికి టైము లేదు. "విమానంలో వాళ్లకి కబురు పంపగలరా? ముప్పై ఒకటో వరసలో ఉన్న మనిషికి తెలియకుండా వాణ్ణి ఒకసారి చూసి చెప్పమనండి. ఎలా ఉన్నాడు, ఏం చేస్తున్నాడు. ఏదైనా సరే."

కబురు ఒంటిగంటా ఇరవై ఆరుకి పోయింది. ముప్పై నాలుగుకి జవాబొచ్చింది. సెండెకు పైకి చదివాడు. "పాతికేళ్లుంటాయి. కళ్లద్దాలు, టోపీ తీయలేదు. చేతిలో చిన్న సంచి. భయంగా ఉన్నాడు, ఇదే మొదటి ప్రయాణమని చెప్పాడు. టికెట్టులో పాలూ గుడ్డూ లేని ఉపవాసం భోజనం అడిగి ఉంది, అది వద్దని గుడ్డట్టు అడిగి తిన్నాడు. రెండు."

"తింటే తిన్నాడు," అన్నాడు జెల్లెకె. "దాన్నేం చేసుకుంటాం?"

అట్లకాడతో కొట్టినా మానలేదన్న ముసలాడి మాట అస్నకెచ్ చెవిలో గింగురుమంది. గోడ మీద ఫొటో కళ్లముందుకొచ్చింది. లోమే సంగతి చెప్పి తనని తను విడిపించుకున్నాడనుకుంది ఇంతసేపూ. ఆ నోటితోనే ఎవరిని పట్టిచ్చాడో ఆ ముసలాడికి తెలియదు.

"ఏమైంది?"

"ఏం లేదు. తలుపు దగ్గర మనుషులుండాలి. వాణ్ణి ఎవరూ కొట్టకూడదు."

విమానం మూడు నిమిషాలు ముందే, ఒంటిగంటా నలభై ఏడుకి దిగింది. లోమేలో విమాన సంస్థ మనిషి ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని మెట్ల దగ్గర కాచుకున్నాడు. ముప్పై ఒకటో వరసవాడు చిన్న సంచితో దిగి నేరుగా వాళ్ల చేతుల్లోకే నడిచాడు. పరిగెత్తలేదు, అరవలేదు. అక్కడివాళ్ల ప్రశ్నలూ కాగితాలూ తెమిలేసరికి రెండూ ఇరవై. అప్పుడు ఫొటో వచ్చింది. కళ్లద్దాలు తీసిన మొహం. కుడి కనుబొమ్మ మీద మచ్చ.

"ఫసిల్ కాదు," అన్నాడు జెల్లెకె. గొంతులో ఇప్పుడు ఎకసెక్కం లేదు. "ఎవడు వీడు?"

"దెస్సాలె. బొగాలె కొడుకు."

"ఓరి దేవుడా. అయితే తండ్రీ కొడుకూ కలిసి..."

"ఆగు. తండ్రికి తెలిసుంటే లోమే మాట నాతో చెప్పేవాడా?"

ఫోన్ కలిసింది. అవతల కుర్రాడు అప్పటికే ఏడుస్తున్నాడు. "అక్కా, నేనేం దొంగతనం చేయలేదు. ఫసిల్ అన్నకి వ్యాపారంలో ఎవరితోనో తగాదా ఉందట. దేశంలో లేనట్టు కనపడాలన్నాడు. నా పాస్‌పోర్టు పట్టుకుపో, లోమేలో రెండు రోజులుండు, తర్వాత నేనొచ్చి తీసుకుంటానన్నాడు. వాషింగ్టన్ అని చెప్తే పగలంతా ఎవరూ ఫోన్ చేయరన్నాడు. తిరిగొచ్చాక నాకు సొంత టాక్సీ కొనిస్తానన్నాడు. మా నాన్నకి చెప్పకండక్కా."

"యెషి అమ్మ సంగతి నీకు తెలుసా?"

"ఏం సంగతి?"

ఆ అడగడంలో అబద్ధం లేదు. అస్నకెచ్ కళ్లు మూసుకుని తెరిచింది. చెప్పడానికి నోరు తెరిచేలోగా అవతల ఇంకో ఫోన్ మోగింది.

"అక్కా, ఫసిల్ అన్నే. నా ఫోనుకి."

"ఎత్తు. స్పీకరు పెట్టు, మాకూ వినపడాలి. దిగాను, బయటికొచ్చాను, అంతే చెప్పు. ఏడవకు."

నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఒక ఫోన్ పక్కన ఇంకో ఫోన్. ఫసిల్ గొంతు మెత్తగా, తాపీగా వినపడింది.

"దిగావా తమ్ముడూ?"

"దిగానన్నా."

"ఎవరైనా ఆపారా?"

"లేదు. బయటికొచ్చేశా." కుర్రాడు ఆగాడు. అస్నకెచ్ చెప్పని మాట ఒకటి వాడంతట వాడే అడిగాడు. "అన్నా, మా నాన్న ఎలా ఉన్నాడు? నేను దిరె దావాలో ఉన్నాననే అనుకుంటున్నాడా?"

"ఆయనకేం, రాజాలా ఉన్నాడు. నువ్వు బెంగపడకు. మధ్యాహ్నం క్యారేజీ కూడా పంపించా. ఉపవాసం కదా, తొమ్మిదింటికి తింటాడులే." ఫోన్ ఆగిపోయింది.

సెండెకు ఏమీ అర్థంకాక ఇద్దరి మొహాలూ చూశాడు. జెల్లెకెకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అప్పటికే అస్నకెచ్ తన ఫోనులో స్టేషన్ నంబరు నొక్కుతోంది. గోడ గడియారం రెండూ ముప్పై తొమ్మిది.

"బొగాలె క్యారేజీ తీసేయండి. వెంటనే."

"ముసలాయన లేడండీ," అన్నాడు అవతలివాడు. "కమాండర్ గారి ఆర్డరు ప్రకారం రెండున్నరకే కోర్టుకి ఎక్కించాం. లకెవ్ వెంట ఉన్నాడు. క్యారేజీ ముసలాయన ఒళ్లోనే పెట్టుకున్నాడు, కోర్టు ఆవరణలో తింటానని."

"తెచ్చినావిడ ఏ గిన్నెలోది రుచి చూసింది?"

"పై గిన్నెలోదండీ."

"కింది గిన్నె?"

"అది విప్పించలేదండీ."

లకెవ్ ఫోన్ డ్యూటీలో ఉన్నప్పుడు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. వ్యాను డ్రైవరు ఎత్తడం లేదు. కోర్టు ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. జెల్లెకె మెట్లు మూడేసి చొప్పున దూకాడు. కారు రోడ్డెక్కేసరికి రెండూ నలభై మూడు.

"చేసిన పాపం మోయలేక ముసలాడు లాకప్‌లో విషం తిన్నాడంటారు," అన్నాడు జెల్లెకె, ఎర్ర దీపాన్ని లెక్కచేయకుండా. "కేసు మూసేవాణ్ణి. సంతకం నేనే పెట్టేవాణ్ణి."

"రోడ్డు చూడు."

"ఫసిల్ ఊళ్లోనే ఉన్నాడు. పాస్‌పోర్టు లోమేలో ఉంది, మనిషి ఇక్కడ ఉన్నాడు. ఎక్కడికి ఎగురుతాడు?" ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో వైర్‌లెస్సు పట్టుకుని ఊరి పొలిమేరలన్నీ మూయమని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "దూరం ఒకటే అన్నాను చూడు. గాడిదని నేనే," అన్నాడు.

అస్నకెచ్ చేతిలో రెండో ఫోన్ ఉంది. దాన్ని సెండెకు బల్ల మీంచి తెచ్చిన సంగతి ఆమెకే గుర్తులేదు. లోమే లైను ఇంకా తెగలేదు. అవతలి నుంచి కుర్రాడి ఎక్కిళ్లు సన్నగా వినపడుతున్నాయి.

గాడిదల మంద ఒకటి రోడ్డుకి అడ్డం వచ్చి రెండు నిమిషాలు తినేసింది. రెండూ యాభై ఆరు. కోర్టు వీధి మలుపు. రెండూ యాభై ఎనిమిది. గేటు దగ్గర జనం. అస్నకెచ్ కారు ఆగకముందే దూకింది. ఎక్కడో చర్చి గంట మొదలైంది, ఉపవాసాలు విడిచే గంట.

ఆవరణలో వ్యాను నీడన బొగాలె గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతులు కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. గిన్నెలు రెండూ విప్పి ముందు పెట్టుకున్నాడు. పెదాలు ప్రార్థనతో కదిలి ఆగాయి. ఇంజెరా ముక్క తుంచి కింది గిన్నెలో ముంచాడు. మొదటి ముద్ద తను తినే మనిషి కాదు. మొదటి ముద్ద పక్కవాడి నోటికి పెట్టడం ఆ నేల మర్యాద. చెయ్యి చాచి లకెవ్ నోటి దగ్గర పెట్టాడు.

"తిను నాయనా. పొద్దుట్నుంచీ నాతోపాటు నువ్వూ పస్తే."

లకెవ్ మొహమాటంగా నోరు తెరిచాడు.

అస్నకెచ్ చేతి దెబ్బకి ముద్ద ఎగిరి వ్యాను చక్రానికి అంటుకుంది. రెండో దెబ్బకి గిన్నె దొర్లింది. లకెవ్ వెనక్కి పడ్డాడు. వెనకే వచ్చిన జెల్లెకె మాట్లాడకుండా రుమాలు తీసి, దొర్లిన గిన్నెని అంచుతో పట్టుకుని వ్యాను మెట్టు మీద పెట్టాడు.

"అన్నాన్ని నేలపాలు చేశావేంటి తల్లీ," అన్నాడు బొగాలె. "పాపం కాదూ?"

ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి తీసుకుంది. చెప్పింది, క్యారేజీ ఎవరు పంపారో, ఎందుకు పంపారో. తన చేతుల మీద పెరిగిన ఫసిల్ పేరు విన్నప్పుడు ముసలాడు తడి చేతుల్ని దుప్పటికి తుడుచుకుంటూనే ఉన్నాడు, ఆరిపోయాక కూడా.

తర్వాత తల ఎత్తాడు. కళ్లల్లో పాత సామాను మనిషి గర్వం ఒక్కసారి మెరిసింది. "అయితే విమానం లోమేలో ఆగిందన్నమాట."

"ఆగింది గాషే. నీ లెక్కకి మూడు నిమిషాలు ముందే."

"చూశావా. ఇరవై ఏడేళ్లు ఊరికే మోశానా?" జెల్లెకె వైపు చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "ఆ పాస్‌పోర్టు పట్టుకుని దిగినవాడు దొరికాడా? ఎవడమ్మా వాడు?"

అస్నకెచ్ చేతిలో ఉన్న ఫోన్ని ముసలాడి చెవి దగ్గర పెట్టింది. నాలుగు వేల నూట నలభై కిలోమీటర్ల అవతలి నుంచి, కొంచెం గరగరతో, ఒక గొంతు వచ్చింది.

"నాన్నా."